విభీషణుడా, విదురుడా: నిఘా గుట్టు రట్టు చేసినవాణ్ణి ఏమనాలి?

విజయనగరం నుంచి రాయగడ వెళ్లే రైలు పార్వతీపురం దాటి కూనేరు చేరేసరికి కొండలు రెండు వైపులా దగ్గరికి జరుగుతాయి. ఆ చుట్టుపక్కలే ఎక్కడో జేబులో ఫోను ఒకసారి వణుకుతుంది. ఒడిశాకు స్వాగతం అని సందేశం. కిటికీలోంచి చూస్తే ఇవతలి జీడితోటకూ అవతలి జీడితోటకూ తేడా తెలియదు. ముప్పై ఏళ్లుగా ఆ దారిన తిరుగుతున్నా సరిహద్దు రాయి ఎక్కడుందో నా కంట పడలేదు. టవరుకు మాత్రం తెలుసు. నేను ఎన్ని గంటలకు గీత దాటానో, నా పక్క సీటు మనిషి ఫోను కూడా అదే నిమిషంలో దాటిందో లేదో, ఎక్కడో ఒకచోట నమోదై ఉంటుంది.

రాయగడ, కోరాపుట్, మల్కనగిరి జిల్లాల్లో ఉండే తెలుగువాళ్లకు ఎవరో తమను చూస్తుండటం కొత్త కాదు. చెక్‌పోస్టుల్లో బస్సు ఆపి సంచులు విప్పిస్తారు. లాడ్జిలో గది కావాలంటే ఆధార్ నకలు ఇవ్వాలి. రెండు రాష్ట్రాలూ మావేనంటున్న కొటియా గ్రామాల వాళ్లయితే ఇటు ఆంధ్ర లెక్కలోనూ ఉంటారు, అటు ఒడిశా లెక్కలోనూ ఉంటారు. రెండేసి ఓటరు కార్డులు, రెండేసి రేషను కార్డులు ఉన్నవాళ్లు కోకొల్లలు. కాబట్టి ప్రభుత్వం మనల్ని చూస్తోందంటే మా వైపు ఎవరూ ఉలిక్కిపడరు. చిక్కంతా తర్వాతి ప్రశ్నతోనే. ఎవరికీ చెప్పకుండా, చట్టం హద్దు దాటి చూస్తున్నారని లోపలి ఉద్యోగి ఒకడు కాగితాలతో సహా బయటపెడితే అతను సత్యాగ్రహియా, ద్రోహియా? టీ కొట్టు దగ్గర ఈ మాట ఎత్తితే అరగంటలో రెండు జట్లు తయారవుతాయి. రెండు జట్లూ గాంధీ పేరే ఎత్తుతాయి. అక్కడే ముడి పడింది. దాన్ని కొంచెం నిదానంగా విప్పి చూద్దాం.

ముందు జరిగింది చెప్పుకోవాలి. 2013 జూన్ 5న బ్రిటన్ పత్రిక 'గార్డియన్' ఒక రహస్య ఉత్తర్వును బయటపెట్టింది. అమెరికాలో తలుపులు మూసుకుని విచారణ జరిపే ఒక న్యాయస్థానం, వెరిజాన్ అనే ఫోను కంపెనీని తన ఖాతాదారుల కాల్ వివరాలు రోజూ ఎన్‌ఎస్‌ఏ అనే నిఘా సంస్థకు అప్పగించమంది. నేరస్థుల వివరాలో అనుమానితుల వివరాలో అయితే సరే, అది అడిగింది అందరివీ. మర్నాడు ప్రిజమ్ సంగతి వచ్చింది: పెద్ద పెద్ద ఇంటర్నెట్ కంపెనీల నుంచి ఈమెయిళ్లు, ఫొటోలు తెప్పించుకునే ఏర్పాటు. జూన్ 9న, ఆ కాగితాలు ఇచ్చింది నేనేనంటూ ఎడ్వర్డ్ స్నోడెన్ హాంకాంగ్‌లో ముఖం చూపించాడు. అప్పటికి అతని వయసు 29. ఎన్‌ఎస్‌ఏకు పనిచేసిపెట్టే ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున హవాయిలో ఉద్యోగం చేసేవాడు.

అంతకు మూడు నెలల ముందు, మార్చి 12న, అమెరికా నిఘా విభాగాలన్నిటికీ పెద్ద అయిన జేమ్స్ క్లాపర్‌ను రాన్ వైడెన్ అనే సెనేటరు బహిరంగ విచారణలో సూటిగా అడిగాడు: కోట్లమంది అమెరికన్ల సమాచారం ఏ రూపంలోనైనా సేకరిస్తున్నారా? లేదన్నాడు క్లాపర్. తెలిసి తెలిసి అయితే లేదని ఒక తోక తగిలించాడు. కాగితాలు వెలుగులోకి వచ్చాక ఆ జవాబు తప్పని ఒప్పుకుని క్షమాపణ చెప్పుకున్నాడు. ప్రజలెన్నుకున్న సభలోనే నిజం చెప్పనప్పుడు, నిజం తెలిసిన కింది ఉద్యోగి ఏ తలుపు తట్టాలి? ఈ ప్రశ్నను కాసేపు పక్కన పెడదాం.

గుట్టు బయటపడ్డాక ప్రభుత్వం మొదట చెప్పుకున్న సమాధానం ఇది: మేం మాటలు వినడం లేదు, ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు, ఇంతే రాసుకుంటున్నాం. వినడానికి చాలా అమాయకంగా ఉంటుంది. అది ఎంత అమాయకమో నాకు మా తాతయ్య చిన్నప్పుడే నేర్పాడు.

రాయగడకు కొంచెం దూరంలో మాకు కిరాణా కొట్టు ఉండేది. కొనేవాళ్లు ఒడియా, కుయి, తెలుగు మాట్లాడేవాళ్లు. అరువు పద్దు మాత్రం తెలుగులోనే. ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడవాటి పుస్తకం. సెలవుల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పద్దులు చదివించేవాడు. "వీళ్లింట్లో ఏం జరుగుతోందో చెప్పు" అనేవాడు. పేజీలో ఉండేది సరుకు, తూకం, తేదీ. మామూలుగా పావుకిలో పంచదార తీసుకునే ఇల్లు ఒక్కసారిగా కిలో తీసుకుంది, కాఫీపొడి పొట్లాలు మూడు: చుట్టాలొచ్చారు. సగ్గుబియ్యం, బార్లీ, వారం రోజులుగా నూనె లేదు: ఎవరికో జ్వరం. కొబ్బరికాయలు, వక్కలు, పసుపు, కొత్త గిన్నెల కోసం పక్క కొట్టుకు పంపిన చీటీ: పెళ్లి కుదిరింది. తేదీలు చూసుకుని రెండు పద్దులు పక్కపక్కన పెడితే ఏ రెండిళ్లకు రాకపోకలు ఆగిపోయాయో కూడా చెప్పేవాడు. ఆ ఇళ్ల గడప ఆయన ఎప్పుడూ తొక్కలేదు. ఒక్క మాట కూడా వినలేదు.

ఒక ఊరి పద్దుకే ఇంత తెలిస్తే, దేశం మొత్తం ఫోను పద్దు ఒకే చోట ఉంటే ఎంత తెలుస్తుందో లెక్క వేసుకోవచ్చు. అమెరికా కోర్టులకూ చివరికి ఆ లెక్క అందింది. 2015 మే 7న అక్కడి అప్పీలు కోర్టు ఒకటి ఈ మూకుమ్మడి సేకరణకు చట్టంలో ఆధారం లేదని తేల్చింది. జూన్‌లో కాంగ్రెస్ చట్టం మార్చి దాన్ని ఆపింది. 2020 సెప్టెంబరులో మరో అప్పీలు కోర్టు కూడా అది చట్టవిరుద్ధమేనంది. అంటే దాచిపెట్టిన పని కేవలం రహస్యం మాత్రమే కాదు, చట్టాన్ని మీరిన పని. దాన్ని బయటపెట్టినవాడి మీద కేసు మాత్రం అలాగే ఉంది.

మన పురాణాల్లో ఈ తగువు ఎప్పుడో మొదలైంది. 'ఇంటి గుట్టు లంకకు చేటు' అని సామెతలో తీర్పు కూడా ఇచ్చేశాం. గుట్టు విప్పేవాడంటే మనకు ముందు గుర్తొచ్చేది విభీషణుడు. పూజించేవాళ్లు ఆయన్ని పూజిస్తారు, కానీ కన్నకొడుక్కి ఆ పేరు పెట్టుకున్నవాళ్లు ఎందరు? ఇంద్రజిత్తు నికుంభిలలో హోమం చేస్తున్నాడు, అది ముగిస్తే గెలవడం కష్టమని లక్ష్మణుడికి దారి చూపింది ఆయనే. రావణుడి నాభిలో అమృతం సంగతి కూడా ఆయనే చెప్పాడని జనం కథల్లో చెప్పుకుంటారు. అయితే ఆయన పక్షాన ఒక మాట ఉంది. ముందు నిండు సభలో అన్నకు మంచి చెప్పాడు. అవమానం పడ్డాడు. ఆ తర్వాతే సముద్రం దాటాడు. ఆయన్ని వెంటాడే మాట కూడా ఒకటుంది: యుద్ధం అయ్యాక సింహాసనం మీద కూర్చున్నది ఆయనే.

నాకెందుకో ఈ చర్చకు విదురుడు ఇంకా బాగా సరిపోతాడనిపిస్తుంది. లక్క ఇంటి పన్నాగం విదురుడికి తెలిసింది. రాజుగారి మంత్రి ఆయన, ఆ ఉప్పు తింటున్నవాడు. వారణావతానికి బయలుదేరుతున్న ధర్మరాజుకు, పక్కనున్నవాళ్లకు అర్థం కాని మాటల్లో హెచ్చరిక చెప్పాడు. తర్వాత సొరంగం తవ్వే మనిషిని పంపాడు. హస్తినాపురం వదల్లేదు, సింహాసనం అడగలేదు, శత్రువుకు సేనల లెక్క చెప్పలేదు. తగలబడబోతున్నవాళ్లకు తగలబడబోతున్నారని మాత్రం చెప్పాడు. ఆయన్ని ద్రోహి అన్నవాళ్లను నేనింతవరకూ చూడలేదు. పని ఒకటే, రాజ్య రహస్యం దాటించడం. తేడా ఎక్కడుందంటే, ఏ గుట్టు, ఎవరికి, ఎంతవరకు, తనకేం లాభం అన్న నాలుగు చోట్ల ఉంది.

పగటిపూట ఉప్పు

ఇక గాంధీ దగ్గరికి వద్దాం. స్నోడెన్‌ను తప్పుపట్టేవాళ్లు వేసే బలమైన ప్రశ్న ఇది: నిజంగా మనస్సాక్షి కోసమే చేస్తే పారిపోవడమెందుకు? గాంధీ పారిపోయాడా?

పారిపోలేదు. 1917 ఏప్రిల్ 18న మోతీహారి కోర్టులో, జిల్లా విడిచి వెళ్లమన్న ఉత్తర్వును కావాలనే ధిక్కరించానని ఒప్పుకున్నాడు. 1922 మార్చి 18న అహ్మదాబాదులో రాజద్రోహం కేసు విచారణలో, చట్టం ప్రకారం వేయగలిగినంత పెద్ద శిక్ష వేయమని జడ్జి బ్రూమ్‌ఫీల్డ్‌నే అడిగాడు. ఆరేళ్లు పడింది. 1930లో దండి తర్వాత తీరమంతా ఉప్పు పట్టింది. గంజాం జిల్లా అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. చిలక సరస్సుకు దగ్గర్లో హుమ్మా ఉప్పుమడుల దగ్గర కూడా జనం చట్టం మీరి ఉప్పు తీశారు. అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో శాసనోల్లంఘనానికి ఇచ్చిన నిర్వచనం కూడా దాదాపు ఈ బొమ్మనే గీస్తుంది: బహిరంగంగా, హింస లేకుండా, మనస్సాక్షి కోసం చట్టం మీరి, దాని ఫలితాన్ని మోయడం. శిక్షకు తలవంచడం వల్ల, నేను చట్టాన్నే కాదనడం లేదు, ఈ ఒక్క చట్టాన్ని కాదంటున్నాను అని రుజువవుతుంది.

బాగానే ఉంది. కానీ ఈ వాదన చేసేవాళ్లు బరంపురం జైలు దాకా ఒకసారి రావాలి.

కోరాపుట్ జిల్లా తెంతులిగుమ్మకు చెందిన ఆదివాసీ నాయకుడు లక్ష్మణ్ నాయక్ 1942 ఆగస్టు 21న మథిలి పోలీసు స్టేషను ఎదుటికి జనాన్ని ఊరేగింపుగా నడిపించాడు. క్విట్ ఇండియా రోజులు. ఆయన గాంధీ మనిషి. చేసింది దాచి చేసిన పని కాదు, పట్టపగలు చేసింది. పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. ఆ గొడవలో చనిపోయిన ఒక అటవీ గార్డు హత్య కేసు నాయక్ మీద పెట్టారు. 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఆయన్ని ఉరితీశారు. అదే సామ్రాజ్యం, అదే చట్టం. అహ్మదాబాదు కోర్టులో గాంధీకి మాట్లాడనిచ్చి, మర్యాద చేసి ఆరేళ్లు వేసింది. కొండమీది లక్ష్మణ్ నాయక్ మెడకు తాడు వేసింది. శిక్షకు సిద్ధపడటం గొప్ప గుణమే, కాదనను. అయితే అది నైతిక పరీక్షగా నిలవాలంటే ఎదుట కూర్చున్న న్యాయస్థానం నువ్వెందుకు చేశావని కనీసం అడగాలి.

నిఘా రహస్యాల కేసుల్లో అడగరు. అమెరికాలో స్నోడెన్ మీద పెట్టింది 1917 నాటి గూఢచర్య చట్టం. ప్రజల మేలు కోసం బయటపెట్టాను అన్న వాదనకు అందులో చోటు లేదు. 1971లో వియత్నాం యుద్ధం గురించిన 7,000 పేజీల రహస్య పత్రాలను పత్రికలకు ఇచ్చిన డేనియల్ ఎల్స్‌బర్గ్ స్నోడెన్‌లా దేశం దాటలేదు. పత్రికలు అచ్చువేశాక బోస్టన్‌లో తానే లొంగిపోయాడు. అచ్చం గాంధీ దారి. 115 ఏళ్ల దాకా శిక్షపడగల నేరాలు మోపారు. బోనులో నిలబెట్టి, ఆ పత్రాలు ఎందుకు నకలు తీశారని సొంత లాయరు అడిగితే, ఆ ప్రశ్న కేసుకు సంబంధం లేనిదని జడ్జి ఆపేశాడు. 1973 మేలో కేసు కొట్టేసింది కూడా ఆయన సదుద్దేశాన్ని చూసి కాదు. అధ్యక్షుడు నిక్సన్ మనుషులు ఎల్స్‌బర్గ్‌కు చికిత్స చేసిన మానసిక వైద్యుడి ఆఫీసులో దొంగతనానికి దిగారనీ, ఆయన ఫోను విన్నారనీ బయటపడింది కాబట్టి. అంతా అనుభవించిన ఆ ఎల్స్‌బర్గే 2013లో స్నోడెన్ దేశం వదలడం సరైన పనేనని రాశాడు.

సత్యాగ్రహంతో పోల్చడంలో ఉన్న అసలు ఇబ్బంది ఇంకొకటుంది. ఇది అందరూ దాటేసి వెళ్లిపోయేది. ఉప్పు పన్ను అందరికీ తెలుసు. కాబట్టే పిడికెడు ఉప్పు తీస్తే అది ధిక్కారమైంది. చీరాల పేరాలలో పన్ను కట్టబోమన్నవాళ్లకు ఏ పన్నో తెలుసు, పల్నాడులో పుల్లరి కట్టనన్నవాళ్లకు ఏ పుల్లరో తెలుసు. మరి ఉందో లేదో తెలియని ఉత్తర్వును ఎలా ధిక్కరిస్తాం? కోట్లమంది తమ కాల్ పద్దు ఎక్కడికో పోతోందని తెలియకుండా ఫోన్లు మాట్లాడుకుంటుంటే అందులో సమ్మతి ఎక్కడుంది, నిరాకరణ ఎక్కడుంది? గుట్టు విప్పినవాణ్ణి ఉప్పు తీసినవాడితో పోల్చడం అందుకే కుదరదు. అక్కడ ఉప్పుమడి ఉందని ఊరికి చెప్పినవాడు అతను. ఉప్పు తీయడమా మానడమా అన్నది ఆ తర్వాత ఊరి పని.

అందరూ ఒకటి కాదు

అలాగని కాగితం దాటించిన ప్రతివాడికీ దండ వేయమనడం లేదు. విదురుడి నాలుగు చోట్లకు మళ్లీ వెళ్దాం.

కేథరిన్ గన్ బ్రిటన్ నిఘా సంస్థలో అనువాదకురాలు. 2003లో ఇరాక్ యుద్ధానికి ముందు, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో ఎటూ తేల్చుకోని దేశాల ప్రతినిధుల మీద నిఘా పెట్టడానికి సాయం చేయమని అమెరికా పంపిన ఒక ఈమెయిలు ఆమె కంట పడింది. ఆ ఒక్క కాగితం బయటికిచ్చింది. మార్చి 2న పత్రికలో వచ్చింది. కొద్ది రోజులకే నేనే ఇచ్చానని పై అధికారికి తనే చెప్పేసింది. కేసు పెట్టారు. 2004 ఫిబ్రవరి 25న కోర్టులో సాక్ష్యాలు చూపించలేమని ప్రాసిక్యూషనే చేతులెత్తేసింది. ఎంత ఇవ్వాలో అంతే ఇచ్చింది, ఇచ్చి నిలబడింది. నా లెక్కలో అందరికన్నా విదురుడికి దగ్గరగా వచ్చింది ఈమే.

ఎల్స్‌బర్గ్ కూడా అన్నీ ఇవ్వలేదు. శాంతి చర్చలకు సంబంధించిన నాలుగు సంపుటాలు పత్రికల దాకా పోనివ్వకుండా ఆపుకున్నాడు. గుట్టులో ఏది జనానిదో ఏది కాదో వేరుచేసే పని అది.

స్నోడెన్ పద్దు ఇంత తేటగా ఉండదు. కాగితాలన్నీ ఇంటర్నెట్‌లో కుమ్మరించకుండా, ఏది ప్రచురించాలో తేల్చమని విలేకరుల చేతిలో పెట్టాడు. ఇది అతని వైపు బరువు. పై అధికారులకు ముందే చెప్పి చూశానంటాడు. వెతికితే ఒకే ఒక్క ఈమెయిలు దొరికిందంటుంది ఎన్‌ఎస్‌ఏ. చెప్పి ఉంటే ఏమయ్యేదో చూడాలంటే థామస్ డ్రేక్ ఉన్నాడు. అదే సంస్థలో పెద్ద ఉద్యోగి, అంతర్గత దర్యాప్తు అధికారుల దగ్గరికీ, కాంగ్రెస్ కమిటీల దగ్గరికీ పద్ధతిగా వెళ్లాడు. 2010లో ఆయన మీదే గూఢచర్య చట్టం కింద కేసు పెట్టారు. మరుసటి ఏడు పెద్ద నేరాలన్నీ వదిలేసి ఒక చిన్న తప్పు ఒప్పించుకున్నారు. ఆ లోపు ఉద్యోగమూ కెరీరూ పోయాయి. తలుపు ఉందని చెప్పి, తట్టినవాడి చెయ్యి విరిస్తే, రెండోవాడు కిటికీ వెతుక్కుంటాడు.

అయితే స్నోడెన్ చైనా, హాంకాంగ్ కంప్యూటర్లలోకి అమెరికా చొరబడుతోందన్న వివరాలు కూడా అక్కడి పత్రికకు ఇచ్చాడు. అమెరికన్ల హక్కుల కోసం చేసిన పనిలో ఇదెక్కడ అతుకుతుందని అతని అభిమానులు కూడా తడబడతారు. ఆ తర్వాత మాస్కో. జూన్ 23న దిగి ఆగస్టు 1 దాకా విమానాశ్రయంలోనే ఉన్నాడు, 2022లో రష్యా పౌరసత్వం తీసుకున్నాడు. ప్రజల మీద నిఘాను ప్రశ్నించినవాడు అలాంటి నిఘాకు పేరుమోసిన ప్రభుత్వం నీడలో బతకాల్సి రావడం విభీషణుడి సింహాసనమంత కాకపోయినా, చూడటానికి ఇబ్బందిగానే ఉంటుంది. అతని పాస్‌పోర్టు రద్దు చేసింది అమెరికానే అన్న సంగతీ మరిచిపోకూడదు.

'విదేశీయుల మీద నిఘా పెట్టడం తప్పేమీ కాదు, దాన్ని బయటపెట్టడమే తప్పు' అన్న వాదన వాషింగ్టన్‌లో కూర్చుంటే సబబుగానే వినిపిస్తుంది. రాయగడలో కూర్చుంటే ఆ విదేశీయులం మనమే. బయటపడ్డ పత్రాల ప్రకారం 2013 మార్చి ఒక్క నెలలో భారత్ నుంచి ఎన్‌ఎస్‌ఏ సేకరించిన సమాచారపు తునకలు 630 కోట్లు. ఎక్కువగా తోడిన దేశాల్లో ఇరాన్, పాకిస్తాన్, జోర్డాన్, ఈజిప్టు తర్వాత మనదే స్థానం. తర్వాత అమెరికా తెచ్చిన సంస్కరణ ఆ దేశస్థుల ఫోను పద్దుకు సంబంధించింది. మనలాంటివాళ్లకు అందులో ఒరిగిందేమీ లేదు. దీనికి అప్పటి మన విదేశాంగ మంత్రి సల్మాన్ ఖుర్షీద్ ఏమన్నాడంటే, అది నిజంగా తొంగిచూడటం కాదు, సందేశాలు చదవడం లేదు, కాల్స్, ఈమెయిళ్ల తీరును కంప్యూటరు విశ్లేషిస్తోందంతే అని. మా తాతయ్య పద్దు పుస్తకం ఆయనకు చూపించి ఉంటే బాగుండేది. ఆశ్రయం ఇమ్మని స్నోడెన్ పెట్టుకున్న అర్జీని కూడా ఆ రోజుల్లోనే మన ప్రభుత్వం తోసిపుచ్చింది.

మన ఇంట్లో

మన దగ్గర ఎవరైనా ఇలాంటి పని చేస్తే? 1923 నాటి అధికార రహస్యాల చట్టం తయారుగా ఉంది. తెల్లవాళ్లు చేసింది, మనం భద్రంగా దాచుకున్నాం. ఐదో సెక్షను కింద రహస్య పత్రం ఇచ్చినవాడికే కాదు, తెలిసి తీసుకున్నవాడికి కూడా మూడేళ్ల దాకా శిక్ష. ఎందుకిచ్చావన్న ప్రశ్న ఇక్కడా లేదు. 2005 సమాచార హక్కు చట్టం, దాచడం కన్నా చెప్పడంలోనే ప్రజలకు మేలుంటే చెప్పవచ్చని ఈ పాత చట్టం మీద ఒక తలుపు తెరిచింది. అదే చట్టం నిఘా సంస్థలను మాత్రం, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు మినహాయిస్తే, గడప బయటే ఆపేసింది. అక్రమాలు బయటపెట్టేవాళ్లకు రక్షణనిచ్చే చట్టం 2014లో పార్లమెంటు చేసింది. అమల్లోకి తేలేదు. జాతీయ రహదారి పనుల్లో అవినీతి గురించి, తన పేరు బయటపెట్టొద్దని వేడుకుంటూ ప్రధాని కార్యాలయానికి లేఖ రాసిన సత్యేంద్ర దూబే అనే ఇంజనీరును 2003 నవంబరులో గయలో కాల్చి చంపాకే ఆ చట్టం మాట గట్టిగా వినిపించింది.

ఫోను వినడానికి మన పద్ధతి ఏమిటంటే, హోం శాఖ కార్యదర్శి ఉత్తర్వు ఇస్తాడు, రెండు నెలలకోసారి కొందరు కార్యదర్శులు కూర్చుని ఆ ఉత్తర్వులు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తారు. జడ్జి ఎక్కడా కనిపించడు. 1996లో సుప్రీంకోర్టు పెట్టిన షరతుల ఎముకల గూడే ఇది. 2023 టెలికాం చట్టం వచ్చాకా పెద్దగా మారలేదు. కేంద్రం ఒక్కటే నెలకు 7,500 నుంచి 9,000 ఉత్తర్వులు ఇస్తోందని 2013లో సమాచార హక్కు కింద వచ్చిన జవాబు. అంటే సమీక్షకు కూర్చున్న ప్రతిసారీ ఎదుట 15,000 నుంచి 18,000 కాగితాలు. వ్యక్తిగత సమాచార రక్షణ మీద కేంద్రం వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇది అయ్యే పని కాదని రాసింది. ఎనిమిది గంటలు కదలకుండా కూర్చున్నా ఒక్కో ఉత్తర్వుకు రెండు సెకన్లు కూడా దక్కవు. మా సంతలో చింతపండు బేరానికి అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది.

ఇలాంటి చోట గుట్టు ఎప్పుడు బయటపడినా పక్కదారినే పడుతుంది. 2021 జులైలో ఫోనులోకి చొరబడే పెగసస్ అనే నిఘా సాఫ్ట్‌వేరు పేరు మన ఇళ్లలోకి వచ్చింది కూడా బయటికి పొక్కిన 50,000 ఫోను నంబర్ల జాబితా వల్లే. జాతీయ భద్రత అన్న మాట ఎత్తిన ప్రతిసారీ కోర్టు పక్కకు తప్పుకోదని అక్టోబరు 27న మన తెలుగువాడైన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ధర్మాసనం గట్టిగానే చెప్పి కమిటీ వేసింది. 29 ఫోన్లు చూశారు, అయిదింటిలో ఏదో దుష్ట సాఫ్ట్‌వేరు దొరికింది, అది పెగససేనని తేలలేదు, ప్రభుత్వం సహకరించలేదని 2022 ఆగస్టులో కోర్టులోనే చెప్పారు. కథ అక్కడ ఆగింది. ఇక 2024 మార్చిలో హైదరాబాద్‌లో నమోదైన ఫోను ట్యాపింగ్ కేసు తెలుగు పాఠకులకు గుర్తు చేయక్కర్లేదు. మావోయిస్టుల కోసం పెట్టిన విభాగాన్ని రాజకీయ నాయకుల మీదకు తిప్పారని, ప్రభుత్వం మారగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ. నిజానిజాలు కోర్టు తేల్చాలి. డిస్కులు ముక్కలైన చోట మనిషి నోరు తప్ప వేరే సాక్ష్యం మిగలదు.

స్నోడెన్ మాస్కో విమానాశ్రయంలో కూర్చుని ఉన్న ఆ జులైలోనే మా జిల్లాలో ఇంకో సంగతి జరిగింది. నియమగిరి మీద బాక్సైటు తవ్వాలా వద్దా అని సుప్రీంకోర్టు చెప్పిన మేరకు డోంగ్రియా కొంధుల ఊళ్లలో గ్రామసభలు పెట్టారు. జులై 18న మొదలయ్యాయి, ఆగస్టు 19న ముగిశాయి. రాయగడ, కలహండి జిల్లాల్లో మొత్తం 12 సభలు. పన్నెండూ వద్దన్నాయి. చదువురాని ముసలమ్మలు కూడా జిల్లా జడ్జి ఎదుట నిలబడి మా కొండ మాకు కావాలన్నారు. వాళ్లు అలా అనగలిగారంటే, తవ్వబోతున్నారని వాళ్లకు తెలుసు కాబట్టి. కాగితం మీద ఉంది, పేరు ఉంది, అడిగేవాడు ఎదురుగా ఉన్నాడు. ఫోను పద్దు గురించి ఏ ఊళ్లోనూ ఎవరూ సభ పెట్టలేదు.

ఇదంతా రాస్తుంటే మా కొట్టు సంగతి ఒకటి పదేపదే గుర్తొస్తోంది. 2004 ఫిబ్రవరిలో కోరాపుట్ ఆయుధాగారం మీద నక్సలైట్లు దాడి చేసి తుపాకులు ఎత్తుకెళ్లారు. ఆ తర్వాత చుట్టుపక్కల అందరిలోనూ భయం. భయానికి కారణమూ ఉంది. ఒక సాయంత్రం మఫ్టీలో ఇద్దరు వచ్చారు. బియ్యం మూటలకు మూటలు ఎవరు కొంటున్నారు, టార్చి బ్యాటరీలు ఎవరు కొంటున్నారు అని అడిగి పద్దు పుస్తకం పట్టుకెళ్లారు. మర్నాడు తిరిగి ఇచ్చి, ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నారు. రాసిచ్చింది ఏమీ లేదు. పుస్తకంలో మూడు పేర్ల పక్కన పెన్సిలుతో గీతలున్నాయి.

మొదటి పేరు చందాలతో నడిచే ఒక పిల్లల హాస్టల్లో వంట చేసే మనిషిది. రెండు రోజుల తర్వాత అతను బియ్యానికి వచ్చాడు. తాతయ్య తూకం వేస్తూ తలెత్తకుండా అన్నాడు: "చూడు బాబూ, ఇకనుంచి బియ్యానికి రసీదు రాసిస్తాను. హాస్టలు పేరు మీద. జాగ్రత్తగా దాచుకో."

"ఎన్నడూ లేనిది ఇప్పుడెందుకు షావుకారుగారూ?"

"కాగితం ఉంటే మంచిది."

అతను కొంచెంసేపు తాతయ్య ముఖంలోకి చూశాడు. వారం తిరక్కుండా హాస్టలు పెద్దను వెంటబెట్టుకుని, రసీదులు పట్టుకుని, ఎవరూ పిలవకుండానే స్టేషనుకు వెళ్లి లెక్క చెప్పి వచ్చాడు. రెండో పేరు కూలీలకు మేస్త్రీ. అతనికీ రసీదు మాట చెప్పాడు. నానమ్మ మాత్రం నెల రోజులు తిట్టిపోసింది, నీకెందుకు ఊరివాళ్ల గొడవని.

మూడో పేరుకు తాతయ్య ఏమీ చెప్పలేదు. ఎందుకని అడిగితే, "అతను బ్యాటరీలు ఏం చేస్తాడో నాకు తెలియదు" అన్నాడు. ఆ మనిషి తర్వాత కూడా వచ్చేవాడు. అడిగిన సరుకు ఇచ్చేవాడు, పద్దు రాసుకునేవాడు. పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఎర్రగుడ్డ అట్ట ఊడిపోయింది. పెన్సిలు గీతలు మూడూ చెక్కుచెదరలేదు.